తలకాడ నిలబడిన పది నిమిషాలు

కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు ఆ సంగతి ఇద్దరికే చెప్పాను, దేవునికీ, మా ఆయనకూ. మూడో నెల దాటేదాకా ఇంకెవరికీ తెలియనివ్వకూడదని మేమిద్దరం అనుకున్నాం. అప్పటికి నాకు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి రెండో నెలలోనే తొందరపడి సంఘంలో సాక్ష్యం చెప్పాం. ఆదివారం ఆరాధనలో మా ఆయన లేచి చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెప్పారు. మూడు వారాలు తిరగకుండానే అదే మనుషులు ఒక్కొక్కరుగా మా ఇంటికి వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ అది మళ్లీ భరించే శక్తి నాకు లేదు. రెండోసారి మా అత్తమ్మకు ఒక్కదానికే చెప్పాను, అదీ నిలవలేదు. మూడోసారి నోరు కుట్టేసుకున్నాను.

అది రెండువేల ఐదు, ఆరు ప్రాంతం. మేము గద్వాలలో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడ బడిపంతులు. నేను పొద్దున్నే బస్సెక్కి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా కర్నూలు పోయి, ఒక గుండె దవాఖానలో నర్సుగా పనిచేసి సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. అప్పట్లో మా వైపు గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ గుండె రక్తనాళాలను చూసే మిషన్ లేదు. ఛాతీలో నొప్పి లేస్తే కర్నూలో హైదరాబాదో పోవాల్సిందే. నా డ్యూటీ సరిగ్గా ఆ మిషన్ ఉన్న గదిలోనే. క్యాథ్‌ల్యాబ్ అనేవాళ్లం.

అక్కడ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నా భయం అర్థం కాదు. రోగి తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా గుండె దాకా పంపుతారు. రోగికి మెలకువ ఉంటుంది. గొట్టం ఎక్కడిదాకా పోయిందో చూడటానికి డాక్టరు కాలితో పెడల్ నొక్కుతాడు. నొక్కినంతసేపూ ఎక్స్‌రే వస్తూనే ఉంటుంది. చెయ్యి విరిగితే తీసే ఎక్స్‌రే లాగా ఒక్క క్షణంలో అయిపోదు. అది బల్ల కింది నుంచి వచ్చి రోగి ఒంట్లోంచి పైకి పోతుంది. కొంత ఒంటికి తగిలి చుట్టూ చెదురుతుంది. రోగికి అది ఎప్పుడో ఒకసారి. చెదిరింది మాకు రోజూ. అందుకని అందరం సీసం పొదిగిన బరువైన ఏప్రాన్ తొడుక్కునేవాళ్లం. మొత్తం ఐదు నిమిషాల ఎక్స్‌రే అయితే మిషన్ ఒక గంట కొట్టేది. మళ్లీ ఐదు నిమిషాలైతే మళ్లీ గంట. మధ్యలో డాక్టరు 'షూట్' అని కేకవేసి బొమ్మలు తీసేటప్పుడు ఎక్స్‌రే ఇంకా గట్టిగా వచ్చేది. ఆ మాట వినగానే పని లేనివాళ్లందరూ అద్దం గోడ వెనక్కి పోవాలి.

మిషన్ నడిపే టెక్నీషియన్ పాన్‌గల్ దగ్గరి ఊరివాడు. నా ఈడువాడే. నన్ను ఆటపట్టించడం అతనికి అలవాటు.

"సిస్టర్, మీ దేవుడు పాపిని నీతిమంతుణ్ని ఒక్కతీరుగ చూస్తడంటరు గద. ఈ ఎక్స్‌రే గుడ గంతనే. ప్రార్థన చేసినోళ్లను విడిచి పెట్టది. జర ఎనకకు రాండ్రి."

నేను వెనక్కి రాకపోవడానికి ఒక కారణం ఉంది. బల్ల మీద పడుకున్నవాళ్లు భయంతో వణికిపోయేవాళ్లు. మా వైపు నుంచి వచ్చిన రైతులు, ముసలమ్మలు నా మాట వినగానే మన ఊరి పిల్ల అని నా చెయ్యి పట్టుకునేవాళ్లు. నేను వాళ్ల తలకాడ నిలబడి, నుదుటి మీద చెయ్యి వేసి, లోలోపల ప్రార్థన చేసేదాన్ని. మా అమ్మ కోడేరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి వాక్యం చెప్పిన మనిషి. రోగిని దూరం నుంచి ఆశీర్వదించడం ఆమెకు తెలియదు. నాకూ తెలియలేదు.

మాలో ప్రతి ఒక్కరికీ ఒక బ్యాడ్జీ ఇచ్చేవాళ్లు. ఒంటికి ఎంత ఎక్స్‌రే తగిలిందో అది లెక్కపెడుతుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపితే లెక్క వస్తుంది. అంతకుమించి అది చేసేదేమీ లేదు. అలంపూర్ వైపు నుంచి వచ్చి గదులు తుడిచే, మేమంతా చాచీ అని పిలిచే ఆయాకు మాత్రం దాని మీద గట్టి నమ్మకం.

"అమ్మా, గా బిళ్ల నాకు గుడ ఒకటి ఇప్పియ్యరాదా? మీ అందరికి తాయెత్తు గట్టిండ్రు, నన్ను ఉత్తగనే తోలిండ్రు."

"అది తాయెత్తు కాదు చాచీ. ఏమీ ఆపదు. లెక్క మాత్రమే చెబుతుంది."

"లెక్క చెప్పేటిది మెడల ఏస్కొని తిరుగుడెందుకు? యా అల్లా, మీ సదువులు నాకు తెల్వవు."

ఆ రోజు నవ్వుకున్నాను. తాయెత్తులను నమ్మకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని. కానీ కడుపు నిలిచిందని తెలిసిన వారమే, ఎవరూ చూడకుండా, ఆ బ్యాడ్జీని ఛాతీ మీంచి తీసి ఏప్రాన్ లోపల బొడ్డు దగ్గర పిన్ను పెట్టుకున్నాను. చాచీకి ఉన్న తెలివే నాకూ ఉందని తేలింది.

కడుపుతో ఉన్న నర్సును ఆ గదిలో ఉంచరు. ఒక్క మాట చెబితే మర్నాడే వార్డుకు మారుస్తారు. మా ఆయన రోజూ అదే అనేవాడు.

"చెప్పేయరాదూ. బిడ్డ కంటే ఎక్కువా నీకు ఈ దాపరికం?"

"చెబితే దవాఖానలో తెలుస్తది. దవాఖానలో తెలిస్తే వనపర్తిల మీ అమ్మానాన్నలకు తెలుస్తది. వనపర్తిల తెలిస్తే సంఘమంతా తెలుస్తది. ఇంకొక్క నెల ఓపిక పట్టు."

ఆయన లైటు ఆర్పేవాడు. నేను పడుకుని రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. నర్సింగు చదివినదాన్ని, ఏ వారంలో బిడ్డకు ఏది ఏర్పడుతుందో నాకు తెలుసు. గుండె కొట్టుకోవడం మొదలైన వారం, చేతులు మొలిచే వారం, వేళ్లు విడివడే వారం. తెలియని ఆడవాళ్లు ఎంత అదృష్టవంతులో అనిపించేది.

ఎనిమిదో వారంలో ఒక ఆదివారం నాకు డ్యూటీ పడింది. పొద్దున పదకొండు గంటలప్పుడు ఫోను వచ్చింది, వనపర్తి నుంచి ఒక పెద్దమనిషిని కారులో తెస్తున్నారని. స్ట్రెచర్ మీద చూసేదాకా ఆయన మా మామయ్య, మా ఆయన తండ్రి, అని నాకు తెలియదు.

మామయ్య రిటైరైన బడిపంతులు, వనపర్తి సంఘంలో పెద్ద. వాక్యం చెప్పడానికి నిలబడితే రెండు గంటలు చేతిలో కాగితం లేకుండా మాట్లాడేవాడు. భయం, విశ్వాసం ఒకే ఇంట్లో కాపురం చేయవని ఆయన తరచూ అనేవాడు. భయపడేవాడి ప్రార్థన పైకప్పు దాటదనేవాడు. ఆ రోజు ఆరాధనలో పాట పాడుతూ పాడుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. తెల్ల చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి.

"బిడ్డా, నువ్వేనా?"

"నేనే మామా. భయపడకు."

"భయం లేదు. నా తలకాడ ఉండు. చెయ్యి తీయకు. ప్రార్థన చెయ్యి."

భయం లేదన్న మనిషి నా చెయ్యి ఎముకలు నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు.

కుడివైపు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. గొట్టంలోంచి పంపే సన్నని వైరు అందులోంచి దూరడం లేదు. డాక్టరు పెడల్ నొక్కుతూ, వదులుతూ, మళ్లీ నొక్కుతూ ఉన్నాడు. నేను మామయ్య తలకాడ, నుదుటి మీద చెయ్యి వేసి నిలబడ్డాను. పెదవులు కదుపుతున్నానే గానీ ప్రార్థన సాగడం లేదు. పెడల్ నొక్కినప్పుడల్లా తెర మీద బొమ్మ కదిలేది. అది కదిలినంతసేపూ నేను ఊపిరి బిగబట్టేదాన్ని, ఊపిరి ఆపితే లోపలికి రాదన్నట్టు.

"షూట్" అన్నాడు డాక్టరు.

అందరూ అద్దం వెనక్కి పోయారు. నేను కదలబోయాను. మామయ్య కళ్లు తెరిచాడు.

"పోకు."

ఆగిపోయాను. రెండోసారి షూట్ అన్నప్పుడూ ఆగాను. మొదటి గంట మోగింది. టెక్నీషియన్ అద్దం వెనక నుంచి చెయ్యి ఊపుతున్నాడు, రమ్మని. డాక్టరుతో ఏదో అన్నాడు, ఎక్స్‌రే ఒకే చోట పడుతోందని, వీపు చర్మం కాలుతుందని, కోణం మార్చమని. మిషన్ చెయ్యి మామయ్య మీద ఒక పక్కకు వంగింది. నేనున్న పక్కకు వంగిందో అవతలి పక్కకో నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తులేదు. ఎన్నిసార్లు తలచుకున్నా ఒక్కోసారి ఒక్కో తీరుగా కనిపిస్తుంది.

రెండో గంట మోగింది. అప్పుడు డాక్టరు మూసుకున్న నాళాన్ని తెరిచే బెలూన్ అడిగాడు. అది అల్మారాలో ఉంది, తేవాల్సింది నేనే. మామయ్య నుదుటి మీంచి చెయ్యి తీశాను. బెలూన్ తెచ్చి ఇచ్చాను. మళ్లీ తలకాడికి పోవాలి. పోలేదు. అద్దం వెనక్కి పోయి నిలబడ్డాను. అక్కడి నుంచి చూస్తే మామయ్య తల అటూ ఇటూ తిప్పుతూ నా కోసం వెతకడం కనిపించింది. ఇంకో అరగంట పట్టింది. అంతసేపూ నేను అద్దం వెనకే ఉన్నాను. బిడ్డ లెక్కలో నేను బయటికి రావడం ఆలస్యమైంది. మామయ్య లెక్కలో మధ్యలోనే విడిచి పోయాను.

రక్తనాళం తెరుచుకుంది. మామయ్య బతికాడు.

ఆయన్ను వార్డుకు పంపాక ఏప్రాన్ విప్పుతుంటే టెక్నీషియన్ చూపు నా బొడ్డు దగ్గరి బ్యాడ్జీ మీద పడింది. అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"సిస్టర్, ఇది గిక్కడ పెట్టుకోమని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు."

"కడుపుతోని ఉన్నోళ్లే గిక్కడ పెట్టుకుంటరు." నా ముఖంలోకి చూశాడు. "ఎన్నో నెల?"

చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

"గంత సేపు గాడ నిలబడితిరి! నేను చెయ్యి ఊపి ఊపి చచ్చిన. జర ఆ ఏప్రాన్ ఇటియ్యండ్రి."

నా ఏప్రాన్ చిన్న సైజుది, అక్కడ ఉన్నవాటిలో ఆడవాళ్లకు సరిపోయేది అదొక్కటే. మిగతావాళ్లు సాయంత్రం తమ ఏప్రాన్లు గోడ కొక్కేలకు తగిలించి పోయేవాళ్లు. నేను మాత్రం నా ఏప్రాన్‌ను మూడు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, అల్మారాలో పెట్టి పోయేదాన్ని. నాగర్‌కర్నూల్‌లో మిషనరీల హాస్టల్లో పెరిగినదాన్ని. మడత పెట్టని బట్టా, చదవని వాక్యమూ ఒకటేనని మా వార్డెనమ్మ అనేది. పడక మీది దుప్పటి దగ్గర నుంచి ముసుగు గుడ్డ దాకా మూడు మడతలు. తగిలించి పెట్టండి అని టెక్నీషియన్ ఒకసారి అన్నాడు, మగవాళ్ల బద్ధకం అనుకున్నాను. ఇన్‌ఛార్జి సిస్టర్ కూడా నా అల్మారా చూపించి మిగతావాళ్లకు బుద్ధి చెప్పేది. రెండేళ్లు అలా మడిచాను.

అతను నా ఏప్రాన్‌ను బల్ల మీద పరిచి మిషన్ కింద చూశాడు. నన్ను అద్దం వెనకే నిలబెట్టాడు. తెర మీద ఏప్రాన్ అంతా నల్లగా ఉంది. నడుము దగ్గర, మడత పడే చోట, అడ్డంగా ఒక సన్నని తెల్ల గీత. మడిచి మడిచి సీసం పగిలిన చోటు.

"చిన్నదే," అన్నాడు. "వెంట్రుకంత. దీంట్ల నుంచి ఏం రాదు." అతను నా వైపు చూడకుండా అన్నాడు.

వెంట్రుకంత గీత అంటే ఎంత? ఎనిమిది వారాల బిడ్డ అంటే ఎంత? ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఆ క్షణంలో మొదలుపెట్టాను.

అదే రోజు డాక్టరుకు తెలిసింది. ఆయన కోప్పడలేదు. తగిలింది తక్కువే అయి ఉంటుందని, లెక్క వచ్చేదాకా కంగారు పడవద్దని చెప్పి నన్ను వార్డుకు మార్చాడు. నేను అనుకున్నట్టే ఆ కబురు వార్డుకు పోయింది, వార్డులో మామయ్య పక్కన కూర్చున్న మా అత్తమ్మ చెవిన పడింది. అత్తమ్మ ఏడ్చి నన్ను కౌగిలించుకుంది. మామయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. నాలుగో రోజు డిశ్చార్జి చేసేటప్పుడు రెండు మూడు వారాలు ఆయన వీపు చూస్తూ ఉండమని, ఎర్రగా మచ్చ కనిపిస్తే చెప్పమని అత్తమ్మకు నేనే చెప్పాను. ఎక్స్‌రే ఎక్కువసేపు పడిన వాళ్లకు చెప్పే జాగ్రత్తే అది. మామయ్య ఆ మాట వింటూ మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

వారం తర్వాత వనపర్తి నుంచి అత్తమ్మ ఫోను.

"మీ మామకు ఏమైందో తెల్వదమ్మా. ఇంట్ల ఉంట లేడు. గుడి ఎనక చాపలు పెట్టే అర్రల మంచం ఏస్కుండు. తన పళ్లెం తనే కడుక్కుంటుండు. పిల్లలొస్తే ఎల్లగొడుతుండు. ఏంది పరేషాన్ అంటే నోరిప్పడు. గుండె జబ్బు మనిషి, ఒక్కడు గాడ పడుకుంటే ఏమన్న అయితే ఎట్ల?"

శనివారం గద్వాల నుంచి బయలుదేరాను. బీచుపల్లి వంతెన దాటుతుంటే కింద కృష్ణ ఎండిపోయి బండలు తేలి ఉన్నాయి. పెబ్బేరులో బస్సు మారి వనపర్తి చేరేసరికి మధ్యాహ్నమైంది. మా వైపు మందిరాన్ని గుడి అనే అంటారు. గుడి వెనక గదిలో చాపల కట్టలు, డోలక్‌లు, పెళ్లిళ్ల వంటపాత్రలు పెట్టేవాళ్లు. మామయ్య గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తాడు.

"ఆడ్నే ఆగు! దగ్గరికి రాకు!"

కుష్ఠు వచ్చినవాళ్లు పాళెం బయట ఉండి, దారిన పోయేవాళ్లకు తాము అపవిత్రులమని కేకవేసి చెప్పాలని పాత నిబంధనలో ఉంది. ఆయనే మాకు అది చదివి వివరించినవాడు. ఇప్పుడు తనకు తాను ఆ శాసనం పెట్టుకున్నాడు.

"ఎందుకు మామా?"

"ఎందుకంటవేంది? నా ఒంట్ల అది ఉన్నది. ఆ కడుపుల ఉన్నదానికి తగుల్తది. పో, ఇంట్ల కూసో."

"ఏముంది నీ ఒంట్లో?"

"ఏం తెల్వనట్టు అడుగకు. ఆ డాక్టరు ఏదో మందు పోసిండు. పోసినప్పుడు ఒళ్లంత ఎచ్చవడ్డది, అరికాళ్ల దాక. అప్పుడే గద అందరు అద్దం ఎనకకు ఉరికింది! నన్ను జూసి ఉరికిండ్రు. మల్ల నువ్వే అంటివి, మూడు వారాల దాక ఈపు సూడాలె, ఎర్రగైతది అని. లోపల ఏం లేకపోతే మూడు వారాలకెట్ల ఎర్రగైతది?"

ఆయన చెప్పిన ప్రతి ఒక్కటీ ఆయన కళ్లారా చూసిందే. వాటిని కలిపిన తీరులోనే తప్పుంది. నేను రెండు అడుగులు వేసి గడప బయట మెట్టు మీద కూర్చున్నాను. ఆయన కుర్చీని వెనక్కి లాక్కున్నాడు.

"ఆ మందు వేరు మామా, ఎక్స్‌రే వేరు. మందు రక్తనాళాలు కనపడటానికి. వెచ్చగా అనిపిస్తుంది, మర్నాటికి పోసినదంతా మూత్రంలో పోతుంది. ఎక్స్‌రే వెలుతురు లాంటిది. పెడల్ వదిలితే అయిపోతుంది. నీ ఒంట్లో రవ్వంత కూడా మిగలదు."

"పొయ్యి ఆరినంక గుడ రాయి కాలుతది గద బిడ్డా."

"ఇది పొయ్యి కాదు, టార్చిలైటు. గోడ మీద టార్చి వేసి ఆర్పేస్తే గోడ వెలుగుతుందా?"

ఆయన ఆలోచించాడు. పాతికేళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాడు, తర్కం పట్టుకుంటే వదలడు.

"ఎలగది."

"ఎండలో ఎక్కువసేపు ఉంటే చర్మం రెండు రోజులకు పొట్టు లేస్తుంది. ఎండ లోపల కూర్చుందా? వీపు సంగతీ అంతే. ఒక్క నీకు తగిలిందే. నీ నుంచి ఎవరికీ రాదు."

మామయ్య ముఖంలో బిగువు కొంచెం సడలింది. కుర్చీని గడప దాకా జరుపుకున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను, గెలిచాననుకున్నాను. అప్పుడు ఆయన నెమ్మదిగా అడిగాడు.

"మరి టార్చి ఎలుగుతున్నప్పుడు నువ్వు నా తలకాడ ఉంటివి గద?"

నేను తల ఊపాను.

"అందరు ఉరికిండ్రు. నువ్వు గుడ పోబోతివి. పోకు అన్నది నేనే."

"అవును మామా."

"ఎంతసేపున్నవు?"

"మిషన్ రెండో గంట మోగేదాకా. ఎక్స్‌రే లెక్కలో పది నిమిషాలు. పైన షూట్లు."

"మీదికెల్లి సీసం కోటు ఏసుకున్నవు గద. గది ఆపుతది గద."

అబద్ధం చెప్పవచ్చు. అవునని ఒక్క మాట అంటే ఆ ముసలి గుండెకు నెమ్మది. కానీ ఆయన ముందు కూర్చుని అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. ఏప్రాన్ మడతలు పెట్టిన సంగతి, తెల్ల గీత సంగతి, అది ఎక్కడ ఉందో ఆ సంగతి అంతా చెప్పాను. ఆ గీత గురించి నేను నోరు విప్పి చెప్పింది అదే మొదటిసారి. మా ఆయనకు కూడా అప్పటిదాకా చెప్పలేదు.

మామయ్య చాపల కట్టల వైపు తిరిగాడు.

"నువ్వు చెయ్యి తీసి పోయినంక నేను నీ మీద కోపం జేసిన బిడ్డా. ఆ బల్ల మీదనే. ఇంత వాక్యం నేర్సుకున్న పిల్ల, భయపడి పారిపోయిందీ అనుకున్న. సచ్చిపోతున్న మనిషిని, గప్పుడు గూడ నీ మీద తీర్పు జెప్పిన."

"నేను భయపడే పోయాను మామా. అది నిజమే."

"ముందే భయపడి ఉంటే బాగుండు."

భయం గురించి ఆ మనిషి నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"ప్రార్థన చేద్దామా?" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. చేతులు జోడించాడు. "పరలోకమందున్న మా తండ్రీ," అని ఆగిపోయాడు. ఎప్పుడూ తడుముకోని గొంతు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఏమని అడగాలె బిడ్డా? అయ్యేటిది అయి రెండు వారాలైంది. తగిలితే తగిలింది, లేకుంటే లేదు. జరిగినదాన్ని జరగకుండ చెయ్యమని అడుగొచ్చునా?"

హాస్టల్లో వందల వాక్యాలు కంఠతా పట్టాను, ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. ఏమీ అడగకుండానే ఇద్దరం అలా కూర్చున్నాం. కొంతసేపటికి ఆయన లేచి, మంచం మీది దుప్పటి చంకలో పెట్టుకుని, ఇంటికి పోదాం పద అన్నాడు. దారిలో నా కంటే రెండు అడుగులు ముందు నడిచాడు. ఆ సాయంత్రం అందరితో కలిసి తిన్నాడు గానీ, నా పక్క పీట మీద కూర్చోలేదు.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. బ్యాడ్జీ లెక్క వచ్చింది. పరిమితి కంటే చాలా తక్కువ ఉందని, బొడ్డు దగ్గర పెట్టుకున్నారు కాబట్టి ఈ లెక్కను నమ్మవచ్చని ఆ పని చూసే అధికారి చెప్పాడు. ఒక్క రోజు హాయిగా ఉన్నాను. రెండో రోజు, బ్యాడ్జీ గీతకు పైన ఉందా కింద ఉందా అన్న ఆలోచన వచ్చింది. గీత దగ్గర తగిలింది బ్యాడ్జీకి తెలిసి ఉంటుందా? ఈ ప్రశ్న ఎవరిని అడిగినా నవ్వుతారని అడగలేదు. ఐదో నెలలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ, "ఇప్పుడు కనపడేవన్నీ బాగున్నాయమ్మా," అంది. కనపడేవి అన్న ఒక్క మాట పట్టుకుని నాలుగు నెలలు గడిపాను. మూడో నెల దాటినా సంఘంలో సాక్ష్యం చెప్పలేదు. పాస్టరమ్మ గారు ఒకసారి అడిగితే తల దించుకున్నాను.

మామయ్య ప్రతి సాయంత్రం బూత్ నుంచి ఫోను చేసేవాడు. ఒకే ప్రశ్న. "కదులుతుందా?" కదులుతోందని చెబితే పెట్టేసేవాడు. ఒక రోజు పొద్దున నుంచి కదల్లేదు. ఆ రోజు ఫోను ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. మా ఆయన ఎత్తి, పడుకుందని చెప్పాడు. మామయ్య అరగంటకోసారి చేస్తూనే ఉన్నాడు. నాలుగోసారి మోగుతుండగా బిడ్డ ఒక్క తన్ను తన్నింది. నేనే పోయి ఫోను ఎత్తాను.

కాన్పు వనపర్తిలో అయింది, ఎండ బాగా ఎక్కిన వేళ. బిడ్డ ఏడుపు విన్నాను గానీ ఆ ఏడుపు మీద నాకు నమ్మకం కుదరలేదు. నర్సు తలుపు తీసి బయటికి పోయి, వెంటనే నవ్వుకుంటూ లోపలికి వచ్చింది.

"మీ మామ ఏం మనిషమ్మా! అందరు ఆడపిల్లనా, మొగపిల్లోడా అని అడుగుతరు. ఆయన, కాళ్లు చేతుల ఏళ్లు లెక్కవెట్టినవా అంటుండు. లెక్కవెట్టిన తాతా, ఇరవై ఉన్నయి అంటే, మల్లొకసారి పెట్టు అంటుండు!"

ఆడపిల్ల. తుడిచి గుడ్డలో చుట్టి నా పక్కన పడుకోబెట్టారు. మామయ్యను లోపలికి రానిచ్చారు. ఆయన మంచానికి రెండు అడుగుల దూరంలో ఆగి, వంగి చూశాడు. కళ్లు, ముక్కు, పెదవులు, చెవులు ఒక్కొక్కటే చూశాడు. ఆ చూపు తాత చూపులా లేదు. పరీక్ష పేపరు దిద్దే పంతులు తప్పు కోసం వెతికినట్టు ఉంది. తర్వాత గోడ పక్క బెంచీ మీద కూలబడి, జేబులోంచి చిన్న సీసా తీసి గుండె నొప్పి మాత్ర ఒకటి నాలుక కింద పెట్టుకున్నాడు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. "మామా, నొప్పి లేచిందా?"

కాదని చెయ్యి ఊపాడు.

"నొప్పి గాదు బిడ్డా. భయం దిగుతదేమోనని ఏసుకున్న."

"దిగిందా?"

"లేదు," అన్నాడు. "పిల్ల నిద్రపోతున్నదా, ఊపిరి తీసుకుంటున్నదా, జర సూడు."

నేను గుడ్డ విప్పి, పాప గుండె మీద వేలు పెట్టి చూశాను.